వండే చేయి, వడ్డించే చేయి
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకునే వాళ్ళము. డాక్టర్లము కాము, హకీములము అంతకన్నా కాము. అయినా ఈసారి తందురుస్తీ గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించినారు. బాగా ఆలోచించి, భోజనాల దగ్గర ఎవరూ ఎత్తని మాటనే ఎత్తదలచినాము. అది కడుపులో పురుగుల మాట. అందులోనూ హోటళ్ళలో, టీ కొట్లలో, దావత్‌లలో వండి వడ్డించే వాళ్ళ కడుపుల మాట. సభ అయినాక ఇక్కడే భోజనాలున్నాయని మాకు తెలుసు. కనుక మాట కొంచెం చేదుగా ఉన్నా ఓపిక పట్టవలసిందని మనవి.

ఈ విషయం మనకెందుకు అని ఎవరైనా అడగవచ్చు. మన తొర్రూరు వరంగల్ – ఖమ్మం రోడ్డు మీద ఉన్న ఊరు. 2016లో జిల్లాలు విడిపోయి మనం మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చినాము గాని, రోడ్డు మాత్రం పాత రోడ్డే. బస్సు ఆగిన చోట చాయ్ కావాలె, ఆకలైన చోట అన్నం కావాలె. ఆ చాయ్ కాచే చేతుల్లో, బిర్యానీ దించే చేతుల్లో, కప్పులు కడిగే చేతుల్లో మనవాళ్ళవి చాలా ఉన్నాయి. మన ఇళ్ళలో ఎన్నో పొయ్యిలు ఊళ్ళోని హోటలు పొయ్యి మీద ఆధారపడి వెలుగుతున్నాయి. ఆ చేతులు బాగుంటే ఊరు బాగుంటుంది. ఆ చేతులకు జబ్బు చేస్తే ముందు నష్టపోయేది ఆ ఇల్లే.

ముందుగా ఈ పురుగులేమిటో చూద్దాము. ఇవి రెండు రకాలు. కంటికి కనిపించేవి కొన్ని, కనిపించనివి కొన్ని. కనిపించే వాటిలో ఏలిక పాములు, కొంకి పురుగులు, నులి పురుగులు, బద్దె పురుగులు ముఖ్యమైనవి. కనిపించని వాటిలో అమీబా, జియార్డియా అనే రెండింటిని గుర్తు పెట్టుకుంటే చాలు. మన ఇళ్ళలో పేచిష్ అంటాము, తెలుగువారు బంక విరేచనాలు అంటారు. దానికి ఒక ముఖ్య కారణం ఈ అమీబాయే. 1681లో హాలెండు దేశంలో లేవెన్‌హుక్ అనే బట్టల వర్తకుడు తాను తయారు చేసుకున్న భూతద్దంలో తన విరేచనాన్నే చూసి జియార్డియాను మొదటిసారి కనిపెట్టినాడు. 1875లో రష్యాలో లోష్ అనే డాక్టరు రోగి మలంలో అమీబాను చూసినాడు. 1912లో మన దేశంలోనే, కలకత్తాలో, లియొనార్డ్ రోజర్స్ ఎమెటిన్ అనే మందును సూది ద్వారా ఇచ్చి ఈ జబ్బును నయం చేసే దారి చూపినాడు. ఇప్పుడు ఆ సూదుల అవసరం చాలా వరకు తీరిపోయింది, మాత్రలతోనే నయమవుతున్నది. అంటే ఇది వైద్యం లేని జబ్బు కాదు. అయినా ప్రపంచంలో సుమారు 150 కోట్ల మంది కడుపుల్లో మట్టి ద్వారా సోకే పురుగులు ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

ఇక అసలు సంగతికి వద్దాము. ఇవి ఒకరి కడుపులో నుండి మరొకరి కడుపులోకి ఎట్లా పోతాయి? ఇక్కడ చాలామంది అన్నింటినీ ఒకే గాటన కట్టివేస్తారు. అది సరి కాదు.

ఏలిక పామునే తీసుకోండి. ఆడ పురుగు రోజుకు దాదాపు 2 లక్షల గుడ్లు పెడుతుంది. కాని ఆ గుడ్డు బయటకు రాగానే ఎవరికీ అంటదు. తడి మట్టిలో రెండు మూడు వారాలు ఉండి పక్వానికి రావాలె. అందుచేత ఇది వంటవాని చేతి నుండి కాక, మురుగు పారిన చేలలో పండిన కొత్తిమీర, పుదీనా, ముల్లంగి, టమాటాల మీద నుండి వస్తుంది. కొంకి పురుగు నోటికన్నా ఎక్కువగా కాలి నుండి వస్తుంది. మలంతో కలిసిన మట్టిలో ఉత్తకాళ్ళతో నడిస్తే చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోయి, చివరకు పేగులో చేరి నెత్తురు తాగుతుంది. హోటలు వెనుక దొడ్లో చెప్పులు లేకుండా తిరిగే మనిషి జాగ్రత్త పడవలసింది దీనితోనే.

మరి చేతి నుండి నేరుగా అన్నంలోకి పోయేవి ఏవి? అమీబా, జియార్డియా ఈ కోవలోవి. ఇవి మలంలో గట్టి పొర కప్పుకుని బయటకు వస్తాయి. వచ్చిన క్షణం నుండే అంటుకునే శక్తి ఉంటుంది. గోటి కింద మిగిలిన రవ్వంత మురికి చాలు. జియార్డియా అయితే పది పాతిక కణాలు లోపలికి పోయినా జబ్బు చేయగలదు. నులి పురుగు రాత్రి పూట బయటకు వచ్చి గుడ్లు పెడుతుంది, దురద పుడుతుంది, నిద్రలో గోకుతాము, గుడ్లు గోళ్ళలోకి, పక్కబట్టల్లోకి చేరతాయి. కొద్ది గంటల్లోనే అవి అంటుకునేందుకు సిద్ధం. హోటలు పనివాళ్ళు నలుగురైదుగురు ఒకే గదిలో, ఒకే చాప మీద పండుకుంటారు. ఒకరికి వస్తే గదికంతా వచ్చినట్టే.

మనం ఎడమ చేత్తో తినము, నిజమే. కాని ఉల్లిగడ్డ కోసేటప్పుడు, రొట్టెల పిండి పిసికేటప్పుడు, కొత్తిమీర తుంచేటప్పుడు ఎడమ చేయి దూరంగా నిలబడి చూడదు గదా!

ఇంకొక మాట. హలీము గంటల తరబడి ఉడుకుతుంది. బిర్యానీ దమ్ములో మగ్గుతుంది. చాయ్ మరుగుతూనే ఉంటుంది. ఆ వేడికి ఏ పురుగూ, ఏ గుడ్డూ బతకదు. ప్రమాదం దించిన తరువాత మొదలవుతుంది. హలీము మీద చల్లే కొత్తిమీర, పక్కన పెట్టే పచ్చి ఉల్లిగడ్డ, పిండే నిమ్మకాయ, బిర్యానీ పక్కన పెరుగు చట్నీ, చాయ్ కప్పును ముంచి తీసే బకెట్టులో నీళ్ళు, ఇఫ్తారులో కోసి పెట్టిన తర్బూజు, ఖర్బూజు, షర్బత్‌లో వేసే ఐసు - ఇవన్నీ పొయ్యిని చూడనివి. చేతినే చూసినవి. చేయి శుభ్రంగా లేకపోతే, మాస్టరు పొయ్యి దగ్గర పడిన మెహనత్ అంతా బకెట్టు దగ్గర పాడైపోతుంది.

వజూ చేసే అలవాటున్న వాళ్ళము, చేతులు కడగడం మనకొకరు నేర్పాలా అని కొందరు అనవచ్చు. అలవాటు మంచిదే, దాన్ని మించిన పునాది లేదు. కాని వంటింటి మురికికి వట్టి నీళ్ళు చాలవు. సబ్బు పెట్టి, వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద రుద్ది కడగాలె. 2020లో కరోనా వచ్చినప్పటి నుండి చాలామంది శానిటైజరు సీసా పెట్టుకుంటున్నారు. అది కరోనాకు పనికివచ్చింది. అమీబా కణాల మీద, పురుగుల గుడ్ల మీద దానిని నమ్ముకోవడానికి లేదు. వాటిని చేతి మీద నుండి ఊడగొట్టేది సబ్బు, నీళ్ళు, రుద్దుడే. అట్లాగే నల్లా నీళ్ళలో కలిపే క్లోరిన్ మామూలు సూక్ష్మజీవులను చంపుతుంది గాని, గట్టి పొర కప్పుకున్న అమీబా కణాన్ని చంపడానికి చాలదు. నీళ్ళు మరిగిస్తే మాత్రం చస్తుంది.

మేము పంది మాంసం ముట్టము కనుక బద్దె పురుగు భయం మాకు లేదు అనుకునేవారు మనలో ఉన్నారు. దీనికి అమెరికాలో జరిగిన ఒక సంగతి చెప్పవలసి ఉన్నది. 1990, 91లలో న్యూయార్కు నగరంలో, మనలాగే పంది మాంసం నిషిద్ధమైన సనాతన యూదుల వాడలో నలుగురికి మూర్ఛలు వచ్చినవి. పరీక్షిస్తే మెదడులో పంది బద్దె పురుగు పిల్లలు కనిపించినవి. డాక్టర్లకు ఆశ్చర్యం కలిగింది. విచారించగా, ఆ జబ్బు ఎక్కువగా ఉండే దేశాల నుండి వచ్చి ఆ ఇళ్ళలో పనిచేసే వారి ద్వారా ఇది సోకి ఉంటుందని తేలింది. ఆ మాంసం తిన్నవాడి పేగులో పురుగు పెరుగుతుంది, గుడ్డు అతని మలంలో వస్తుంది, కడగని చేతి ద్వారా ఆ గుడ్డు మరొకరి అన్నంలోకి పోతుంది. పోయిన చోట అది పేగులో ఆగక మెదడు దాకా చేరగలదు. 1992లో దీన్ని వైద్య పత్రికలో ప్రకటించినారు. అంటే మన పళ్ళెంలో ఏమున్నదనేదే కాదు, ఆ పళ్ళెం ఏ చేతుల మీదుగా వచ్చిందనేదీ చూడాలె. ఆ చేతులను కసరుకోవడానికి కాదు, ఆ చేతులకు కూడా వైద్యం అందించడానికి చూడాలె.

ఇక్కడ మేము ముఖ్యంగా చెప్పదలచిన మాటకు వస్తున్నాము.

కడుపులో పురుగున్న మనిషి చాలాసార్లు జబ్బు మనిషిలా కనిపించడు. తింటాడు, తిరుగుతాడు, నవ్వుతాడు. తనకున్నదని తనకే తెలియదు. అందుకే అతడు దోషి కాడు. ఈ సంగతి మరచిపోతే రెండు రకాల అన్యాయం జరుగుతుంది. రెండింటికీ చరిత్రలో ఉదాహరణలున్నాయి.

మొదటిది మేరీ మాలన్ కథ. ఇది పురుగుల కథ కాదు, టైఫాయిడ్ కథ. కాని నీతి ఒకటే. ఐర్లండు నుండి వలస పోయిన పేద స్త్రీ, న్యూయార్కులో ధనవంతుల ఇళ్ళల్లో వంట చేసేది. ఆమెకు జబ్బు లేదు గాని ఆమె వండిన ఇళ్ళలో టైఫాయిడ్ వచ్చేది. 1907లో పట్టుకుని ఒక దీవిలో ఉంచినారు. 1910లో ఇక వంట చేయనని మాట తీసుకుని విడిచిపెట్టినారు. బట్టలుతికే పని చూపించినారు. ఆ పనిలో వంట పనికి వచ్చినంత కూలీ రాదు. కొంతకాలానికి ఆమె పేరు మార్చుకుని మళ్ళీ వంటకే పోయింది. 1915లో ఒక ఆసుపత్రిలో టైఫాయిడ్ పుట్టి మళ్ళీ దొరికిపోయింది. 1938లో చనిపోయే దాకా ఆ దీవిలోనే ఉన్నది. ఆమె పనిని మేము మెచ్చుకోవడం లేదు. కాని "వంట మానుకో" అన్నవారు "నీ కూలీ మేము చూస్తాము" అనలేదు. ఆ లోటు ఖరీదు ఎంతమంది చెల్లించినారో చూడండి.

రెండవది చికాగో నగరం సంగతి. 1933లో అక్కడ ప్రపంచ ప్రదర్శన జరిగింది. లక్షల మంది చూడవచ్చినారు. రెండు హోటళ్ళలో దిగినవారికి అమీబా విరేచనాలు పట్టుకున్నవి. వెయ్యి మందికి పైగా జబ్బు పడినారు, పదుల సంఖ్యలో చనిపోయినారు. ముందు ఎవరి మీద పడినారు? వంటవాళ్ళ మీద, వడ్డించేవాళ్ళ మీద. అందరికీ మల పరీక్షలు చేసినారు. కొందరిలో అమీబా దొరికింది. ఇంకేమి, నేరం వీరిదే అనుకున్నారు. తరువాత ఇంజనీర్లు గోడలు, పైపులు పరిశీలిస్తే అసలు సంగతి బయటపడింది. పాత పైపుల లోపాల వల్ల మురుగు నీళ్ళు తాగే నీళ్ళలో కలిసినవి. పనివాళ్ళు కూడా ఆ నీళ్ళే తాగినారు. అమీబా ఉన్నది వారిలోనే గాని, తప్పు ఉన్నది పైపులో.

ఈ రెండు కథలూ మన ఊరికి ఎందుకంటే, మన హోటలు పనివానిది కూడా ఇదే పరిస్థితి. ఒక ఉదాహరణ. మాకు తెలిసిన ఒక మనిషి, పేరు వద్దు, హోటలు పేరు అసలే వద్దు. కడుపు నొప్పి, బంక విరేచనాలు. రోజుకు ఆరేడు సార్లు వెనుకకు పోయి వస్తూ కూడా రొట్టెలు చేస్తూనే ఉన్నాడు. ఎందుకయ్యా సెలవు పెట్టలేదంటే, "మాస్టర్ సాబ్, ఒకరోజు రాకపోతే ఒకరోజు కూలీ పోతది. రెండు రోజులు రాకపోతే నా జాగల ఇంకొకరు నిలబడతరు" అన్నాడు. ఆ హోటలులో పనివాళ్ళకు మరుగుదొడ్డి లేదు, చేతులు కడిగే చోట సబ్బు లేదు. ఇప్పుడు చెప్పండి, తప్పు ఆ చేతిదా, పైపుదా?

చట్టం ఏమంటున్నది? 2006లో ఆహార భద్రత, ప్రమాణాల చట్టం వచ్చింది. 2011 నుండి అమలులో ఉన్న దాని నిబంధనల ప్రకారం ఆహారం ముట్టే ప్రతి పనివానికీ ఏడాదికొకసారి వైద్య పరీక్ష జరగాలె. విరేచనాలు, అంటువ్యాధి ఉన్నవారిని ఆ రోజుల్లో వంట పనిలో ఉంచరాదు. చేతులు కడగడానికి సబ్బు, నీళ్ళు, మరుగుదొడ్డి యజమానే చూపవలసి ఉన్నది. చట్టం మంచిదే. కాని పరీక్ష అంటే సర్టిఫికెట్టు మీద సంతకమే అనుకుంటే లాభం లేదు. అమీబా కణాలు రోజూ మలంలో కనిపించవు. ఒకరోజు ఉంటాయి, ఒకరోజు ఉండవు. అందుకే వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చూస్తే గాని నమ్మకంగా చెప్పలేరు. పైగా జబ్బు చేసే అమీబాకు అచ్చంగా దానిలాగే కనిపించే, ఏ హానీ చేయని అమీబా ఒకటున్నది. మామూలు మైక్రోస్కోపులో రెండూ ఒకటిగానే కనబడతాయి. కాగితం మీద "అమీబా ఉన్నది" అని రాగానే మనిషిని పనిలో నుండి తీసివేయడం ఎంత తొందరపాటో దీన్ని బట్టి తెలుస్తుంది.

గల్ఫ్ దేశాలకు పోయి వచ్చినవారికి ఇది తెలిసిన సంగతే. వీసాకు ముందు మెడికల్‌లో మల పరీక్ష కూడా ఉంటుంది. ఆ డబ్బా చేతికిచ్చినప్పుడు సిగ్గుపడనివాడు లేడు. దూరదేశం యజమాని కోసం చేయించుకున్న పరీక్ష, సొంత ఊళ్ళో సొంత పిల్లల కోసం చేయించుకోవడానికి సిగ్గెందుకు?

అయితే పరీక్షలతోనే అంతా అయిపోదు. 1989లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం, ఆహారం ముట్టేవారికి ఊరికే ఏటేటా పరీక్షలు చేయడం వల్ల పెద్దగా ఫలితం లేదని చెప్పింది. ఈరోజు శుభ్రంగా ఉన్న కడుపులోకి రేపు పురుగు రావచ్చు. అంతకన్నా పనివానికి నేర్పడం, విరేచనాలైనప్పుడు భయం లేకుండా చెప్పుకునే వీలు కల్పించడం మేలని ఆ బృందం సారాంశం. భయం లేకుండా అన్న మాటను మేము మరొకసారి నొక్కి చెబుతున్నాము.

బడి పిల్లల సంగతి మాకు బాగా తెలుసు. 2015 నుండి జాతీయ నులిపురుగుల దినం జరుగుతున్నది. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న 19 ఏళ్ళ లోపు పిల్లలకు ఆల్బెండజోల్ మాత్ర మా ఎదుటే నమిలిస్తాము. 400 మిల్లీగ్రాముల ఒక్క మాత్ర, రెండేళ్ళ లోపు వారికి సగం. ఏలిక పాము, కొంకి పురుగు దీనికి లొంగుతాయి. కాని బడి మానేసి కప్పులు కడగడానికి పోయిన పిల్లవాడు ఆ రోజు మా వరుసలో ఉండడు. 14 ఏళ్ళ లోపు పిల్లవాణ్ణి హోటలు పనిలో పెట్టడం చట్టరీత్యా నేరం. అట్లాంటి పిల్లవాడు కనిపిస్తే ముందు బడికి పంపండి, మాత్ర సంగతి మేము చూసుకుంటాము. ఇక 19 దాటినవాడు, ముప్ఫై ఏళ్ళ రొట్టెల మాస్టరు, ఎవరి లిస్టులోనూ లేడు. అతన్ని చూసుకోవలసింది మనమే.

ఇంకొక హెచ్చరిక. ఆల్బెండజోల్ అమీబాకు మందు కాదు. దానికి మెట్రోనిడజోల్ వంటి మందులు వేరు, పేగులో మిగిలిన కణాలను తీసివేసే మందు వేరు. విరేచనాలు ఆగగానే మాత్రలు మానేస్తే మనిషి బాగైనట్టు కనబడతాడు, కణాలు మాత్రం పడుతూనే ఉంటాయి. మెడికల్ షాపులో చేయి చాపి రెండు గోలీలు మింగడం కాక, డాక్టరు చెప్పినన్ని రోజులు వాడాలె.

ఇప్పుడు సంఘం ముందు మా మనవి.

ఒకటి: పనివాళ్ళు గోళ్ళు కత్తిరించుకోవాలె, మరుగుదొడ్డి నుండి వచ్చినాక, పచ్చి మాంసం ముట్టినాక సబ్బుతో కడగాలె, వెనుక దొడ్లోకి చెప్పులతో పోవాలె, విరేచనాలున్న రోజుల్లో వంటకు దూరంగా ఉండాలె. ఆకుకూరను కట్టతో ముంచి తీయక, విడదీసి పారే నీళ్ళలో కడగాలె.

రెండు: యజమానులు, వారిలోనూ మన సభ్యులున్నారు, పనివాళ్ళకు మరుగుదొడ్డి, నల్లా, సబ్బు ఏర్పాటు చేయాలె. గల్లా పెట్టె పక్కన అగరుబత్తి ఎంత ముఖ్యమో నల్లా పక్కన సబ్బు అంత ముఖ్యం.

మూడు: సంఘం ప్రభుత్వ డాక్టర్లను కోరి ఏడాదికొకసారి మల పరీక్షల, నెత్తురు పరీక్షల క్యాంపు పెట్టించాలె. ఫలితం డాక్టరుకు, ఆ మనిషికి మాత్రమే తెలియాలె. యజమాని చేతికి పోరాదు. అవసరమైనవారిని వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రికి పంపే బాధ్యత మనది.

నాలుగు: ఇది అన్నింటికన్నా ముఖ్యం. విరేచనాలతో ఇంట్లో కూర్చున్న పనివానికి ఆ రెండు మూడు రోజుల కూలీలో సగం యజమాని, సగం సంఘం ఇచ్చేటట్టు ఒక చిన్న నిధి ఏర్పాటు చేయాలె. దానికి ఏ డబ్బు వాడవచ్చునో పెద్దలు నిర్ణయించవచ్చు. మన ఒక్క వలీమాలో పాన్‌లకు, మిఠాయిలకు అయ్యే ఖర్చుతో చాలామంది మాట దాచుకోకుండా ఇంట్లో ఉండగలుగుతారు.

ఐదు: దావత్‌లు ఇచ్చే ఇళ్ళవారు దేగ్‌లు, దస్తర్‌ఖాన్లు లెక్కపెట్టుకున్నట్టే, వంటవాళ్ళకు రెండు సబ్బులు, ఒక నల్లా కూడా లెక్కలో చేర్చుకోవాలె.

ఇవి అసాధ్యమైన పనులు కావు. ఒకప్పుడు మన దేశంలో నారికురుపు ఉండేది. తాగే నీటి నుండి కడుపులోకి పోయి, ఏడాదికి కాలిలో నుండి మూరెడు పురుగు బయటకు వచ్చేది. దానికి టీకా లేదు, సరైన మందు లేదు. నీళ్ళు వడగట్టుకోవడం, దిగుడు బావులు మార్చడం, ఇల్లిల్లూ తిరిగి చెప్పడం - ఈ పనులతోనే 1996లో చివరి కేసు ముగిసింది. 2000లో భారతదేశానికి ఆ జబ్బు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధృవీకరించింది. మందు లేని పురుగునే గెలిచినాము. మందు ఉన్నదానికి ఓడిపోతే మనల్ని మనమే అడగవలసి వస్తుంది.

చివరగా, భోజనాలకు లేచేటప్పుడు వడ్డించే తమ్ముళ్ళను చూసి ముఖం ముడుచుకోకండి. సలాము చెప్పండి, తిన్నారా అని అడగండి, ఒంట్లో బాగున్నదా అని అడగండి. నిజం చెప్పినా కూలీ పోదనే ధైర్యం వారికి కలిగిన నాడు ఈ సంఘం సగం పని చేసినట్టే. మిగతా సగం సబ్బు చేస్తుంది.